ఎర్ర పులుపు పండే మడులు

వెస్ట్‌బరో నుంచి 495 రోడ్డు పట్టుకుని దక్షిణంగా వెళ్తుంటే మిడిల్‌బరో దగ్గరికొచ్చేసరికి నేల రంగు మారుతుంది. అప్పటిదాకా రెండువైపులా రంగు తిరిగిన మేపుల్ చెట్లు. ఆ తర్వాత పొట్టి పైన్ చెట్లు, ఓక్ చెట్లు, వాటి మొదళ్ల దగ్గర ఇసుక. కార్వర్ ఊరి పొలిమేరలోకి రాగానే చెట్ల సందుల్లోంచి ఎర్రటి నీళ్లు కనిపించాయి. నేను అప్పుడే కారు తలుపు మీద చెయ్యి వేశాను. "అత్తయ్యగారూ, ఇక్కడ రోడ్డు పక్కన ఆపకూడదు. మనం వెళ్తున్నది మడి దగ్గరికేగా" అన్నాడు అల్లుడు.

అది అక్టోబర్ ఆఖరు. మసాచుసెట్స్‌లో క్రాన్‌బెర్రీ కోతలు సెప్టెంబర్ మధ్యలో మొదలై నవంబర్ తొలి రోజుల దాకా సాగుతాయి. నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ పండగ. ఆ పూట అమెరికా ఇళ్లలో టర్కీ కోడి పక్కన ఈ పండుతో చేసిన సాస్ ఉండి తీరాలి. మా అమ్మాయి దాన్ని డబ్బా కొనకుండా ఇంట్లోనే చేస్తుంది. "పది నిమిషాల పని అమ్మా" అంటుంది. పది నిమిషాల్లో అయ్యే వంట వెనక ఎంత వ్యవసాయం ఉందో చూడాలనిపించి, కోతలు అయిపోకముందే వాళ్లని బయల్దేరదీశాను.

ముందు ఒక అపోహ తీసెయ్యాలి. ఈ పండు నీళ్లలో పండదు. ప్రకటనల్లో నడుంలోతు నీళ్లలో, చుట్టూ ఎర్రటి పళ్లు తేలుతుంటే నవ్వుతూ నిలబడ్డ మనుషుల్ని చూసి చాలామంది అలాగే అనుకుంటారు. నీళ్లు కోతకోసం పెట్టినవి. మిగతా కాలంలో ఇది నేలని అంటిపెట్టుకుని పాకే తీగ. ఆకు చిన్నది, దళసరిది, ఏడాది పొడవునా రాలనిది. మంచుయుగంలో హిమానీనదాలు వెనక్కి తగ్గుతూ వదిలిపెట్టిన గుంటల్లో, అడుగున నాచు కుళ్లి పేరుకున్న పీట్ మట్టి, దాని మీద ఇసుక పొర, ఆ ఇసుకలో ఈ తీగ. చుట్టూ గట్లు, పక్కన కాలవ, నీళ్లు పెట్టడానికీ తీయడానికీ తూము. కోనసీమ రైతుని తీసుకొచ్చి ఆ గట్టు మీద నిలబెడితే ఇదేదో తనకి తెలిసిన వరి మడే అనుకుంటాడు. కాకపోతే వరి ఏటా ఊడ్చాలి, ఈ తీగ ఒకసారి పాతితే వందేళ్లు దాటినా కాస్తూనే ఉంటుంది. మేం చూసిన మడిలోవి తన ముత్తాత పాతించిన తీగలని ఆ మడి రైతు చెప్పాడు. అరవై దాటిన మనిషి. ఛాతీ దాకా రబ్బరు దుస్తులు వేసుకుని, మాట్లాడుతున్నంతసేపూ కళ్లు మాత్రం తూము మీదే పెట్టాడు.

కోత రెండు దఫాలు. మొదట మడిలోకి జానెడు పైచిలుకు లోతున నీళ్లు వదులుతారు. చక్రాల బండి ఒకటి ఆ నీళ్లలో తిరుగుతూ తీగల్ని కుదుపుతుంది. గుడ్లు గిలక్కొట్టే పరికరం పేరే ఆ బండికీ పెట్టుకున్నారు వాళ్లు, ఎగ్‌బీటర్ అని. కుదుపుకి పళ్లు తొడిమ ఊడి పైకి తేలతాయి. ఎందుకు తేలతాయో చూపించడానికి రైతు జేబులోంచి చాకు తీసి ఒక పండుని అడ్డంగా కోశాడు. లోపల నాలుగు గదులు, వాటినిండా గాలి, మూలల్లో ఒకటి రెండు గింజలు. ఆ తర్వాత నీటిమట్టం ఇంకా పెంచి, పొడవాటి తేలుడు తాడుతో పళ్లన్నిటినీ ఒక మూలకి కూడదీసి, పంపుతో లారీలోకి ఎక్కిస్తారు. నీళ్లు వృథా పోవు, తూము ఎత్తితే పల్లంలో ఉన్న పక్క మడికి పోతాయి.

మడి నిండేటప్పుడు తీగల్లో ఉండే సాలీళ్లన్నీ ఎత్తయిన చోటు వెతుక్కుంటూ పైకి ఎగబాకుతాయి. ఆ చదును నీళ్లలో అన్నిటికన్నా ఎత్తయినది మనిషే. వాటిని దులిపేస్తారే గానీ చంపరు, పురుగుల్ని తినిపెట్టేవి అవే కదా. ఇది విన్నాక మా అమ్మాయి గట్టు దిగలేదు.

నాకు ఆశ్చర్యం కలిగించింది వేరే సంగతి. ఫొటోల్లో అంత అందంగా కనిపించే ఈ నీటికోత పళ్లు మన వంటింటికి రావు. తడిసిన పండు ఎక్కువ కాలం నిలవదు కాబట్టి అవన్నీ జ్యూస్‌కీ, డబ్బా సాస్‌కీ, ఎండు పళ్లకీ వెళ్లిపోతాయి. బజార్లో సంచుల్లో దొరికే పచ్చి పళ్లు పొడికోతవి. దువ్వెన పళ్లున్న చిన్న యంత్రాన్ని పొడి మడి మీద నడిపిస్తే అది తీగల్ని దువ్వి పండు రాలుస్తుంది. మొత్తం పంటలో ఇది నూటికి పది వంతుల్లోపే. నెమ్మదిగా సాగే పని, పండు కూడా కొంత నలుగుతుంది. అయినా పండగ పూట ఇంట్లో సాస్ చేసుకునేవాళ్లు ఉన్నంతకాలం పొడికోత తప్పదు.

పొడి పళ్లలో మంచివీ చచ్చువీ ఏరే పద్ధతి చూసి తీరాలి. గట్టి పండు ఎగురుతుంది, మెత్తబడ్డది ఎగరదు. 1880ల్లో న్యూజెర్సీలో జాన్ వెబ్ అనే కొయ్యకాలు మనిషి ఉండేవాడు. మెట్లు దిగుతూ పళ్లు మోయలేక పైనుంచి కిందికి ఒంపేవాడట. మంచివి ఎగురుకుంటూ కింది మెట్టు దాకా వచ్చేవి, చెడ్డవి మెట్ల మీదే ఆగిపోయేవి. ఆ కిటుకునే తర్వాత చెక్క యంత్రాలుగా మలిచారు. ఆ రైతు కొట్టంలో పాతది ఒకటి ఇంకా ఉంది. పైనుంచి పళ్లు పోస్తే పలకలకి తగిలి టపటపా ఎగురుతూ అడ్డుచెక్క దాటినవి ఒక పెట్టెలోకి, దాటలేనివి మరో పెట్టెలోకి పడతాయి. మా అల్లుడు సాఫ్ట్‌వేర్ మనిషి. ఆ యంత్రం ముందు నిలబడినంతసేపు ఇంకెక్కడా నిలబడలేదు.

ఈ సాగుకి మూలం ఇసుకే. 1816 ప్రాంతంలో కేప్ కాడ్‌లోని డెన్నిస్ అనే ఊళ్లో హెన్రీ హాల్ అనే మాజీ సైనికుడు, సముద్రపు గాలికి ఇసుక కొట్టుకొచ్చి పడ్డ చోట అడవి క్రాన్‌బెర్రీ తీగ మరింత బాగా కాయడం గమనించాడు. ఇసుక పడితే తీగ కొత్త వేళ్లు తొడుగుతుంది, కొత్త చిగుళ్లు నిలబెడుతుంది. అప్పట్నుంచీ రైతులు కావాలనే కొన్నేళ్లకోసారి ఇసుక చల్లుతున్నారు. చల్లే తీరు చూడండి: చలికాలం ముదిరాక మడికి నీళ్లు పెడతారు. అవి గడ్డకట్టి బండి మోసేంత దళసరి కాగానే మంచు మీదికి లారీ నడిపించి ఇసుక పరిచేస్తారు. వసంతంలో మంచు కరుగుతుంది, ఇసుక తనంతట తనే తీగల మీదికి సమంగా దిగుతుంది. ఒక్క తీగ కూడా తొక్కిడి పడదు. ఈమధ్య చలికాలాల్లో మంచు లారీని మోసేంత దళసరిగా కట్టడం తగ్గిపోయిందని రైతు అన్నాడు. అప్పుడు నీళ్ల మీద బల్లకట్టు నడిపి ఇసుక దింపాల్సి వస్తుందట.

వసంతంలో రాత్రిపూట మంచు కురిస్తే మొగ్గ మాడిపోతుంది. అప్పుడు తీగల మీద తుంపర్లు తెరుస్తారు. నీరు గడ్డకడుతూ వదిలే కాస్త వేడే మొగ్గని బతికిస్తుంది. చలికి విరుగుడుగా చన్నీళ్లు చల్లడం వింటే వింతగానే ఉంటుంది. ఆ రోజుల్లో మంచు పడబోతోందని అర్ధరాత్రి ఫోన్ మోగితే భార్య కూడా లేచి కూర్చుంటుందని చెప్పి నవ్వాడాయన.

మనుషుల చరిత్ర అంత ముచ్చటైనది కాదు. యంత్రాలు రాకముందు ఈ మడుల్లో మోకాళ్ల మీద పాకుతూ, కొయ్య దువ్వెన పెట్టెలతో పళ్లు కోసినవాళ్లు ఎక్కువగా వలస కూలీలు. ఫిన్లండ్ నుంచి వచ్చినవాళ్లు కొందరు. ఆఫ్రికా పడమటి తీరానికి ఎదురుగా ఉన్న కేప్ వర్డ్ దీవుల నుంచి తిమింగలాల వేట ఓడల్లో న్యూ బెడ్‌ఫర్డ్ రేవుకి చేరి, అక్కడినుంచి మడులకి వచ్చినవాళ్లు ఎందరో. 1911లో లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫర్ ఇక్కడికొచ్చి, బడికి పోవాల్సిన వయసు పిల్లలు పెట్టెలు మోస్తున్న ఫొటోలు తీశాడు. బాలకార్మిక వ్యవస్థ మీద పోరాటంలో ఆ ఫొటోలు సాక్ష్యాలయ్యాయి. పండగ బల్ల మీది ఎరుపు వెనక ఇవన్నీ ఉన్నాయి.

తిరుగుదారిలో ప్లిమత్‌లో ఆగాం. ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు దిగిన చోటని చెప్పే, 1620 అని చెక్కిన రాయి, దాని చుట్టూ స్తంభాల మండపం. రాయి చిన్నది, మండపం పెద్దది. పక్కనే కోల్స్ హిల్ గుట్ట మీద వాంపనోగ్ ఆదివాసీల నాయకుడు మాసాసోయిట్ విగ్రహం. 1621లో ఇంగ్లీషువాళ్లూ, తొంభైమంది దాకా వాంపనోగ్‌లూ కలిసి, ఈ పండగకి మూలమని చెప్పే విందు మూడు రోజులు చేసుకున్న మాట నిజమే. ఎడ్వర్డ్ విన్‌స్లో రాసిన ఉత్తరం దానికి ఆధారం. ఆ ఉత్తరంలో క్రాన్‌బెర్రీ సాస్ ఊసు లేదు. వాంపనోగ్‌లు ఈ పండుని అంతకు ముందు ఎన్నో తరాలుగా తింటున్నారు, ఎండబెట్టి మాంసంతో కలిపి దాచుకునేవారు. కానీ పంచదార పోసి ఉడికించడానికి అప్పుడు ఆ గుడిసెల్లో పంచదార ఎక్కడిది? చక్కెర వేసి వండిన సాస్ ప్రస్తావన 1672లో జాన్ జోస్లిన్ రాసిన పుస్తకంలో వస్తుంది. టర్కీతో జతగా వడ్డించమని చెప్పింది 1796లో అమీలియా సిమన్స్ వంటల పుస్తకం. థ్యాంక్స్‌గివింగ్‌ని దేశమంతటికీ పండగగా ప్రకటించింది 1863లో, లింకన్. 1970 నుంచీ ఆదివాసీలు అదే గురువారం అదే గుట్ట మీద చేరి సంతాపదినం పాటిస్తున్నారు. వాంపనోగ్‌లకి తమదంటూ వేరే రోజు ఉంది. మార్థాస్ విన్‌యార్డ్ దీవిలోని అక్వినాలో అక్టోబర్ రెండో మంగళవారం క్రాన్‌బెర్రీ దినం. అసలు కృతజ్ఞత చెప్పే పండగ ఏదని నన్నడిగితే అదే అంటాను.

ప్లిమత్ దగ్గరే టిడ్‌మార్ష్ అనే చోటుంది. ఒకప్పుడు పెద్ద క్రాన్‌బెర్రీ పొలం. ఇప్పుడు గట్లు తెంపేసి, వాగుని దాని పాత దారిన వదిలి, చిత్తడి నేలగా మార్చారు. 2017 నుంచి వన్యప్రాణుల అభయారణ్యం. మసాచుసెట్స్‌లో ఇలా మానేస్తున్న మడులు పెరుగుతున్నాయి. ఇక్కడి ఎర్లీ బ్లాక్, హౌస్ రకాలు 19వ శతాబ్దంలో కేప్ కాడ్ అడవి తీగల్లోంచి ఏరుకున్నవి. రుచి ఎక్కువ, దిగుబడి తక్కువ. విస్కాన్సిన్ రాష్ట్రం కొత్త రకాలతో, పెద్ద మడులతో ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు దేశపు పంటలో సగానికి పైగా అక్కడిదే. ధర పడిపోయిన ఏడాది ఇక్కడి రైతుకి మడికన్నా దాని పక్కనున్న ఇసుక దిబ్బ అమ్ముకోవడమే లాభంగా కనిపిస్తుంది. వినడానికి మనకి కొత్త కథేమీ కాదు.

పండగ ముందురోజు సాయంత్రం సాస్ చేసింది మా అమ్మాయి. ముందురోజే చెయ్యాలి, అది ఈ వంటకానికి మొదటి నియమం. పక్కింటి పెద్దావిడ కూడా వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఆవిడ తాతా నాయనమ్మలు కేప్ వర్డ్ నుంచి వచ్చి వేర్‌హామ్ మడుల్లో పనిచేసినవాళ్లు. మా అమ్మాయికి ఈ సాస్ నేర్పింది ఆవిడే.

కొలత చాలా సులువు. సంచి 340 గ్రాములు. ఒక కప్పు పంచదార, ఒక కప్పు నీళ్లు. ముందు నీళ్లూ పంచదారా మరగాలి. తర్వాత కడిగిన పళ్లు వెయ్యాలి. రెండు మూడు నిమిషాలకే చిటపట మొదలవుతుంది. లోపలి నాలుగు గదుల్లో గాలి వేడెక్కి తొక్క పగిలే చప్పుడది. మడిలో పండుని తేల్చిన గాలే గిన్నెలో దాన్ని పగలగొడుతుంది. మంట తగ్గించి, మూత వెయ్యకుండా, అప్పుడప్పుడూ కలుపుతూ ఉంటే పది నిమిషాల్లో ముప్పాతిక వంతు పళ్లు పగిలి మిగతావి ముద్దలో నిలిచి ఉంటాయి. అక్కడ దింపెయ్యాలి. చిటికెడు ఉప్పు, కమలాపండు తొక్క పైపైన తురిమి ఒక చెంచాడు. అంతే.

దింపేటప్పుడు అది పల్చగానే ఉంటుంది. కొత్తగా చేసేవాళ్లు కంగారుపడేది ఇక్కడే. పొయ్యి మీదే చిక్కబడాలని మరిగిస్తూ కూర్చుంటారు. ఈ పండులో పెక్టిన్ సహజంగానే దండిగా ఉంది, పులుపూ ఉంది. పంచదార తోడైతే ఆ మూడూ కలిసి చల్లారేటప్పుడు వాటంతటవే గడ్డకడతాయి. పొయ్యి మీదే చిక్కన చేస్తే మర్నాటికి చాకుతో కోసుకోవాలి. ఇంకా మరిగిస్తే పెక్టిన్ విరిగిపోయి అసలు పట్టుకోదు. "దించేశాక దాని జోలికి వెళ్లకు" అని పెద్దావిడ మా అమ్మాయికి ఏటా చెప్పే మాటట. ఆ రోజు నాకూ చెప్పింది.

దాల్చినచెక్క, లవంగం, అల్లం, వైన్, వాల్‌నట్లు వేసేవాళ్లు ఉన్నారు. నా తీర్పు అడిగితే ఏవీ అక్కర్లేదు. ఈ పండుకి పులుపుతో పాటు నాలుక చివర తగిలే చిన్న వగరు ఉంది, దాని గొప్పంతా అందులోనే ఉంది. మసాలా వేస్తే ముందు చచ్చేది అదే. పంచదార కూడా కప్పులో పావు వంతు తగ్గించవచ్చు. మరీ తగ్గిస్తే గడ్డకట్టదు, అది గుర్తుంచుకోవాలి.

డబ్బా సాస్ సంగతి చెప్పకపోతే అమెరికా వాళ్లకి అన్యాయం చేసినట్టే. 1912లో హాన్సన్ అనే ఊళ్లో మార్కస్ యురాన్ అనే లాయరు, నలిగిన పళ్లు పారెయ్యడం ఇష్టంలేక, సాస్ కాచి డబ్బాల్లో పెట్టాడు. 1930లో ఆయనా, మరో ఇద్దరు పోటీదారులూ కలిసి రైతుల సహకార సంఘం పెట్టారు. ఇప్పటి ఓషన్ స్ప్రే అదే, ఇప్పటికీ యజమానులు రైతులే. డబ్బా ఆకారంలోనే జారి పళ్లెంలో పడే సాస్ దిమ్మ 1941లో దేశమంతటా అమ్మకానికొచ్చింది. డబ్బా గాట్లు దిమ్మ మీద అచ్చుపడి ఉంటాయి, వాటి వెంబడే కోసుకుంటారు. మా మనవడికి ఇంట్లో చేసిన దానికన్నా ఆ దిమ్మే ఇష్టం. వాడి కోసం ఒక డబ్బా కూడా తెచ్చిపెట్టారు. రుచి చూశాను. పులుపు లేదు, వగరు లేదు, జెల్లీ. వాడికి నచ్చింది ఆ జారడమే అనుకుంటాను.

పెద్దావిడకి సాస్ లేని థ్యాంక్స్‌గివింగ్ ఒకటి గుర్తుంది. 1959. పండగ ఇంకా పదిహేడు రోజులుందనగా నవంబర్ 9న ప్రభుత్వ ఆరోగ్యశాఖ కార్యదర్శి ఆర్థర్ ఫ్లెమింగ్, పడమటి రాష్ట్రాల పళ్లలో అమైనోట్రయజోల్ అనే కలుపుమందు అవశేషాలు దొరికాయని ప్రకటించాడు. దేశమంతటా చాలా దుకాణాలు క్రాన్‌బెర్రీలన్నిటినీ తీసేశాయి. వైట్‌హౌస్ విందులో కూడా ఆపిల్ సాస్ పెట్టారు. విస్కాన్సిన్‌కి ప్రచారానికొచ్చిన నిక్సన్ సాస్ తిని చూపించాడు, కెనెడీ జ్యూస్ తాగి చూపించాడు. ప్రకటన పడమటి రాష్ట్రాల పళ్ల గురించే అయినా, మసాచుసెట్స్‌లో ఆవిడ నాన్న పళ్లూ కొట్టంలోనే ఉండిపోయాయట. ఆ దెబ్బతోనే రైతులు పండగ సాస్ ఒక్కదాన్నే నమ్ముకోవడం మానేసి, ఏడాది పొడవునా అమ్ముడయ్యే జ్యూస్ వైపు గట్టిగా మళ్లారు.

పండగ రోజు టర్కీ పక్కింటి నుంచి వచ్చింది. మా ఇంటి నుంచి పులిహోర, గుత్తివంకాయ, సాస్. దాంతోపాటు ఇక్కడి తెలుగిళ్లలో నవంబర్ రాగానే చేసుకునే క్రాన్‌బెర్రీ పచ్చడి కూడా. రెండో సంచి పళ్లని నూనెలో పసుపేసి మగ్గబెట్టి, వేయించిన ఎండుమిర్చి, మెంతులు, ఆవాలతో కచ్చాపచ్చాగా నూరి, ఉప్పు, చిన్న బెల్లంముక్క వేసి, ఇంగువ పోపు పెట్టాను. చింతపండు అక్కర్లేదు. ఆ వగరుపులుపు నాకు వాక్కాయనే తలపించింది. ఇక్కడి తెలుగువాళ్లు పప్పులోనూ, పులిహోరలోనూ దీన్ని వాడటం అందుకే. పెద్దావిడ వేలి కొసతో రుచి చూసి, మంచినీళ్లు తాగి, టర్కీ మీద వేసుకుంది. మళ్లీ వేసుకుంది.

చదివేవాళ్లలో అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట. పచ్చి పళ్లు నవంబర్, డిసెంబర్ దాటితే బజార్లో కనపడవు. అప్పుడే నాలుగు సంచులు కొని, కడక్కుండా సంచీతోనే ఫ్రీజర్‌లో పడెయ్యండి, ఏడాది నిలుస్తాయి. వండేటప్పుడు గడ్డ విడవకుండానే గిన్నెలో వేసుకోవచ్చు. మన ఊళ్లలో ఉన్నవాళ్లు సూపర్‌మార్కెట్లో దొరికే ఎండు క్రాన్‌బెర్రీ ప్యాకెట్టుతో మాత్రం ఈ సాస్ ప్రయత్నించకండి. రసం తీసేసి పంచదార పట్టించిన పళ్లవి, చిట్లవు, గడ్డకట్టవు. వర్షాకాలంలో వాక్కాయలు వచ్చినప్పుడు సగం పండినవి తెచ్చి, చీల్చి గింజ తీసేసి, ఇదే పద్ధతిలో పంచదార నీళ్లలో ఉడికించండి. వాక్కాయలోనూ పెక్టిన్ బాగా ఉంది, చల్లారాక అదీ పట్టుకుంటుంది.